అరుస్తున్నది టర్బోనేనా? నాలుగు వారాల సెల్లార్ డైరీ

జూన్ 7, శనివారం

విజయవాడ నుంచి హైదరాబాద్ తిరిగి వస్తున్నాం. నకిరేకల్ దాటాక ముందున్న లారీని దాటుదామని కాలు గట్టిగా నొక్కేసరికి బానెట్ కింద నుంచి సన్నని ఊళ మొదలైంది. వెనక సీట్లో నిద్రపోతున్న మా అమ్మాయి లేచి, "నాన్నా, అంబులెన్సు వస్తోంది, పక్కకు తప్పుకో" అంది. అద్దంలో చూశాను. వెనక ఏమీ లేదు. కాలు తీశాను, అంబులెన్సు మాయం. మళ్లీ నొక్కితే మళ్లీ వచ్చింది. హయత్‌నగర్ చేరేదాకా తండ్రీకూతుళ్లకు ఇదే ఆట. మా ఆవిడకు మాత్రం ఇది ఆటలా కనిపించలేదు. "ఎంతవుతుంది?" అని ఒకే ఒక్క ప్రశ్న వేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

కారు 2014 మోడల్ డీజిల్, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా పికప్ తగ్గినట్టుంది గానీ, ఎండలకు ఏసీ గట్టిగా వేస్తున్నాం కదా, అందుకేనని సరిపెట్టుకున్నాను. ఎక్కుడులో నల్లపొగ వదులుతోందని వెనకే బండి మీద వచ్చిన మా తమ్ముడు ఒకసారి చెప్పాడు. అదీ పట్టించుకోలేదు.

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె. ఇంట్లో చేపల పులుసు ఉడికేలోపు కిందికి వెళ్లి బానెట్ ఎత్తాను. ఇంజన్ ఆన్ చేసి మూడు వేల ఆర్‌పీఎం దాకా రేస్ చేశాను. ఏ ఊళా లేదు. పది సార్లు చేశాను. పంటినొప్పి డాక్టరు గుమ్మం దగ్గరికి వెళ్లగానే తగ్గినట్టు, కారు బుద్ధిమంతురాలై కూర్చుంది.

జూన్ 9, సోమవారం

సర్వీస్ సెంటర్లో చూపించాను. అక్కడి అబ్బాయి కూడా నాలాగే నిలబెట్టి రేస్ చేశాడు. ఏమీ వినిపించలేదు. అయినా, "టర్బో పోయింది సార్" అన్నాడు. "వినకుండానే ఎలా తెలిసింది?" అని అడిగితే, "లక్ష దాటింది కదా సార్" అని జవాబు. టర్బోకూ కూలికీ కలిపి 58,000 అంచనా కాగితం చేతిలో పెట్టారు. ఈ కారు ఇప్పుడు అమ్మితే వచ్చేదెంత, అందులో ఇదెంత అని దారంతా లెక్కలు వేసుకుంటూ ఇల్లు చేరాను. రాత్రి ఈ నోట్‌బుక్ తెరిచాను. ఆ డబ్బు కట్టేలోపు, అరుస్తున్నది టర్బోనేనా అన్నది నాకు తెలియాలి.

జూన్ 11, బుధవారం

నిలబెట్టి రేస్ చేస్తే చప్పుడు ఎందుకు రావడం లేదో ఇవాళ ఆఫీసులో టీ తాగుతుంటే తట్టింది. టర్బోలో ఒకే షాఫ్టుకు రెండు చివర్లా రెండు చక్రాలు ఉంటాయి. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ తిరుగుడుకు రెండో చక్రం గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది. కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజన్‌కు మోయడానికి బరువేమీ లేదు. బరువు లేకపోతే డీజిల్ కొంచెమే కాలుతుంది, పొగలో శక్తి ఉండదు, టర్బో సోమరిగా తిరుగుతుంది. ఆర్‌పీఎం ముల్లు మూడు వేలు చూపించినా గాలి ఒత్తిడి పెద్దగా పెరగదు. కాబట్టి షెడ్డులో రేస్ చేసి టర్బో చప్పుడును పట్టుకోవాలనుకోవడం, పడుకున్న మనిషికి ఆయాసం ఉందో లేదో చూడటం లాంటిది. మెట్లెక్కించి చూడాలి.

జూన్ 12, గురువారం

మెట్లెక్కించాను. పొద్దున్నే పెద్ద అంబర్‌పేట దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. మూడో గేరు, రెండు వేల ఆర్‌పీఎం. చదును రోడ్డు మీద నెమ్మదిగా పోతుంటే నిశ్శబ్దం. అదే గేరు, అదే రెండు వేలు, ఫ్లైఓవర్ ఎక్కుతూ కాలు నొక్కితే ఊళ. ఇంజన్ వేగం మారలేదు, మోసే బరువు మాత్రమే మారింది. బెల్టులో, ఆల్టర్నేటర్ బేరింగులో తేడా ఉంటే చప్పుడు ఆర్‌పీఎంతోనే పెరగాలి, తగ్గాలి. ఎక్కుడా పల్లమా అని అది చూడదు. అలా బెల్టు, ఆల్టర్నేటర్, వాటర్ పంపు మూడూ ఒక్క దెబ్బకు జాబితాలోంచి పోయాయి. మిగిలినవి టర్బో, టర్బో తోసిన గాలి నడిచే దారి.

జూన్ 13, శుక్రవారం

స్టీరింగ్ కింద సాకెట్లో పెట్టే బ్లూటూత్ ముక్క ఒకటి నా దగ్గర ఉంది. ఫోనులో అంకెలు చూపిస్తుంది. ఇంజన్ ఆపి తాళం మాత్రం తిప్పితే ఇన్‌టేక్ ఒత్తిడి, అంటే ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి, 95 కిలోపాస్కల్ అని వచ్చింది. ఇది టర్బో చేసినది కాదు, మామూలు వాతావరణ పీడనమే. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి 95. విజయవాడలో చూసి ఉంటే నూరు దాటేది. సెన్సర్ అబద్ధం చెప్పడం లేదని తెలియడానికి ఈ చిన్న పరీక్ష చాలు.

సాయంత్రం హైవే మీద మూడో గేరులో 2,500 దగ్గర కాలు పూర్తిగా నొక్కితే 158. ఇది ఎక్కువో తక్కువో ఎలా తెలిసేది? మా ఆఫీసులో ఇదే మోడల్ ఉన్న సహోద్యోగిని బతిమాలి, ఆయన కారులో అదే రోడ్డు మీద అదే గేరులో చూశాను. 206. ఆయన కారుకు ఊళ కూడా లేదు. అంటే రావాల్సిన గాలిలో చాలా భాగం నా ఇంజన్‌కు అందడం లేదు. డీజిల్ మాత్రం పడుతోంది, కాలడానికి గాలి చాలక నల్లపొగ అవుతోంది. ఇంత జరుగుతున్నా చెక్ ఇంజన్ లైటు వెలగలేదు, కోడ్ ఏదీ పడలేదు. ఆ లైటును నమ్ముకుని కూర్చుంటే ఇంకో నెల గడిచేది.

జూన్ 14, శనివారం

ఇవాళ తప్పులో కాలేశాను. వివరంగా రాసుకుంటున్నాను, ఇంకోసారి వేయకుండా.

ఫోనును డాష్‌బోర్డు మీద పెట్టి ఊళను రికార్డు చేశాను. చప్పుడును బొమ్మగా చూపించే యాప్‌లో పెడితే, ఇంజన్ రొద అంతా కింద మబ్బులా పరుచుకుని ఉంది, దాని పైన ఒక్కటే తీగలాంటి గీత, 1,900 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 1,900 అదుర్లు. నేను చదివిన దాని ప్రకారం గాలి లీకైతే ఉస్సుమని, అంటే మబ్బులాగా కనిపించాలి. తిరిగే చక్రంలో తూకం తప్పితే గీతలాగా రావాలి. లెక్క కట్టాను. ఇలాంటి చిన్న టర్బో బరువు మీద నిమిషానికి లక్ష చుట్లు అవలీలగా దాటుతుంది. నిమిషానికి 1,14,000 చుట్లంటే సెకనుకు సరిగ్గా 1,900. లెక్క ఎంత ముచ్చటగా కుదిరిందంటే, 58,000 కట్టడానికి మనసు సిద్ధపడిపోయింది.

పైగా భయం ఒకటి. టర్బో షాఫ్టు సీలు పూర్తిగా పోతే ఇంజన్ ఆయిల్ గాలి పైపులోకి వెళుతుంది. డీజిల్ ఇంజన్‌కు ఆ నూనె కూడా ఇంధనమే. తాళం తీసేసినా ఆగకుండా, తన నూనెను తానే తాగుతూ, పగిలేదాకా పరిగెడుతుంది. అలా జరిగితే పెద్ద గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి ఇంజన్‌ను బలవంతంగా ఆపాలి. ఇది మా ఆవిడకు చెప్పాను. చెప్పి ఉండాల్సింది కాదు.

సాయంత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వచ్చే పైపు విప్పాను. రెండు క్లిప్పులు, ఒక బోల్టు, అరగంట పని. ఇంజన్ నడుస్తుండగా అక్కడ వేలు పెడితే వేలు ఉండదు, అందుకని తాళం తీసుకెళ్లి మా ఆవిడ చేతికిచ్చి వచ్చాను. లోపల బొటనవేలంత చక్రం, సన్నని రెక్కలు, మధ్యలో నట్టు. టార్చి వేసి ఒక్కో రెక్కా చూశాను. అంచులు బ్లేడులా నున్నగా ఉన్నాయి, ఎక్కడా విరుగు లేదు, వంపు లేదు. వేలితో తిప్పితే ఒక్క చుట్టు తిరిగి మెత్తగా ఆగింది. నట్టు పట్టుకుని పక్కలకు కదిపితే మాత్రం ఆడింది! కంటికి కనిపించేంత కాకపోయినా వేలికి స్పష్టంగా తెలిసేంత. పైపులో చేయి పెడితే పల్చగా నూనె కూడా అంటింది. అయిపోయింది అనుకున్నాను.

మా వీధి చివర షెడ్డులో ముప్పై ఏళ్లుగా డీజిల్ బండ్లు చూస్తున్న పెద్దాయన ఉన్నారు. ఫోన్ చేసి, "భాయ్, షాఫ్టు ఆడుతోంది" అన్నాను. నమాజు అయ్యాక స్కూటర్ మీద వచ్చారు. చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కాకుండా ముందుకీ వెనక్కీ లాగారు. కదల్లేదు. ఓ పక్కకు నొక్కి పట్టి తిప్పారు. రెక్క గోడకు తగల్లేదు.

"పక్కకు కొంచెం ఆడటం దాని లక్షణమే సార్. అది బాల్ బేరింగు మీద కాదు, నూనె పొర మీద తేలుతుంది. నూనె లేనప్పుడు ఆ ఖాళీ మీ వేలికి తగులుతోంది. ముందుకీ వెనక్కీ ఆడిననాడు చెప్పండి, అప్పుడు భయపడదాం."

"మరి పైపులో ఈ నూనె?"

"ఇంజన్ ఊపిరి వదిలే గొట్టం వచ్చి కలిసేది ఇక్కడే కదా. తడి ఉంటుంది. గ్లాసుతో పట్టేంత ఉంటే తప్పు."

టీ తాగి వెళ్లిపోయారు. డబ్బు తీసుకోలేదు. నా 1,900 లెక్క మాత్రం నోట్‌బుక్‌లో ఇంకా మెరుస్తూనే ఉంది.

జూన్ 15, ఆదివారం

రాత్రి నిద్ర పట్టక ఆ రికార్డింగే మళ్లీ మళ్లీ విన్నాను. ఏడోసారో ఎనిమిదోసారో ఒక సంగతి చెవికి తగిలింది. కాలు నొక్కినప్పుడు ఊళ క్రమంగా పెరుగుతోంది, సరే. కాలు తీసినప్పుడు మాత్రం కత్తెరతో కత్తిరించినట్టు టక్కున ఆగిపోతోంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే చక్రం అలా ఎలా ఆగుతుంది? అది నెమ్మదించడానికి ఒకటి రెండు సెకన్లయినా పట్టాలి, ఊళ కూడా ఫ్యాన్ ఆపినప్పటిలా జారుతూ దిగాలి. యాప్‌లో ఆ చోటును పెద్దది చేసి చూశాను. గీత కిందికి వంగడం లేదు, విరిగిపోతోంది.

కాబట్టి తిరిగేది కాదు, తెరుచుకుని మూసుకునేది ఏదో అరుస్తోంది.

పొద్దున్నే శానిటరీ షాపులో రెండంగుళాల పీవీసీ మూత కొన్నాను, 40 రూపాయలు. పంక్చర్ షాపులో ట్యూబ్‌లెస్ టైరు వాల్వు ఒకటి అడిగితే ఊరికే ఇచ్చాడు. మూతకు రంధ్రం చేసి వాల్వు బిగించి, ఆ మూతను రబ్బరు ముక్కతో టర్బో నోటికి తొడిగి క్లిప్పు వేశాను. టైర్లకు గాలి కొట్టే చిన్న పంపును దానికి తగిలిస్తే, ఇంజన్ ఆపి ఉండగానే గాలి దారి మొత్తానికీ ఒత్తిడి పెట్టవచ్చు. పంపుకు మీటరు కూడా ఉంది.

మొదటి ప్రయత్నంలో ఎనిమిది పీఎస్ఐ దగ్గర మూత ఊడి, సెల్లార్ కప్పుకు కొట్టుకుని, పక్క ఫ్లాటు వాళ్ల బైకు సీటు మీద పడింది. పిడుగు పడ్డట్టు చప్పుడు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ముఖం అడ్డంగా లేకపోవడం నా అదృష్టం. రెండోసారి మూతను తాడుతో టర్బోకు కట్టి, నేను పక్కన నిలబడ్డాను.

ఐదు పీఎస్ఐ దగ్గర ఏ పైపు మీద సబ్బునీళ్లు చల్లినా బుడగ లేదు. ఇంజన్ లోపల మాత్రం సన్నగా ఉస్సుమంటోంది. ఏదో ఒక సిలిండర్ వాల్వు తెరిచి ఉంటుంది, పిస్టన్ రింగుల సందుల్లోంచి గాలి కొంత దిగిపోతుంది. ఆ గాలి కింద నిలిచి సీళ్లను తన్నకుండా నూనె పోసే మూత ముందే తీసి ఉంచాను. ఒత్తిడి ఎక్కకపోతే కారును ఐదో గేరులో వేసి జానెడు ముందుకు తోశాను, వాల్వుల స్థానం మారి ముల్లు మళ్లీ ఎక్కింది. పది. పదకొండు. ఎక్కడో కింది నుంచి ఊళ మొదలైంది! అదే గొంతు. ఇంజన్ ఆపి ఉంది, టర్బో ఒక్క చుట్టు కూడా తిరగడం లేదు, ఊళ మాత్రం నకిరేకల్‌లో విన్నదే.

మా ఆవిడ పౌడర్ అద్దం తెప్పించి, టర్బో తోసిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి పైకి వచ్చే రబ్బరు పైపు కింద పెట్టాను. పైపు పొట్ట భాగంలో, ఒక ఇనుప బ్రాకెట్ ఒరుసుకునే చోట, అంగుళంన్నర చీలిక. ఒత్తిడి లేనప్పుడు దాని పెదాలు కలిసిపోయి గీత కూడా కనిపించదు. చుట్టూ నూనె, దుమ్ము కలిసి నల్లగా పేరుకుని ఉంది, అంతే. ఒత్తిడి పదకొండుకు చేరగానే చేప నోరు తెరిచినట్టు తెరుచుకుని, సబ్బు నురగను నా మోచేతి మీదికి ఊదింది.

మా అమ్మాయిని పిలిచి చూపించాను. అది పైకి వెళ్లి బెలూన్ ఒకటి ఊది తెచ్చి, మూతిని రెండు వేళ్లతో సాగదీసి కీచుమనిపించింది. "ఇదే కదా నాన్నా?" అదే. గాలి వెడల్పయిన రంధ్రంలోంచి పోతే ఉస్సుమంటుంది, సాగే రబ్బరు పెదాల మధ్య నుంచి పోతే పెదాలు అదిరి పాట అవుతుంది. నేను చదివిన నియమం ఇక్కడే బోల్తా కొట్టింది. ఒత్తిడి ఒక మేర దిగగానే పెదాలు మూసుకుంటాయి, అందుకే ఊళ అలా టక్కున తెగింది. 1,900 కాకతాళీయం.

ఆ బ్రాకెట్ సంగతి కూడా రాయాలి. మూడేళ్ల కిందట రేడియేటర్ విప్పి బిగించింది నేనే. బ్రాకెట్‌కూ పైపుకూ మధ్య ఉండాల్సిన రబ్బరు తొడుగు ఇవాళ నా పనిముట్ల డబ్బా అడుగున దొరికింది.

జూన్ 18, బుధవారం

పైపు దొరికేదాకా సాగే టేపు చుట్టి చూశాను. రెండు రోజులు కూడా ఆగలేదు. వేడికీ నూనెకూ జారిపోయింది.

జూన్ 21, శనివారం

కొత్త పైపు 2,350 రూపాయలు. బిగించేముందు లోపలి చివర్లు స్పిరిట్‌తో తుడిచాను, నూనె తడి ఉంటే ఒత్తిడికి పైపు క్లిప్పులోంచి జారుతుంది. రబ్బరు తొడుగు ఈసారి దాని చోటుకు చేరింది. మళ్లీ మూత, మళ్లీ పంపు, పదిహేను పీఎస్ఐ దాకా బుడగ లేదు. హైవే మీద ఊళ పోయింది. ఫోనులో అంకె 197.

206 కాదు. తొమ్మిది ఎక్కడో మిగిలింది. వదిలేద్దామనుకున్నాను గానీ, ఊళ పోయిన నిశ్శబ్దంలో ఇంకో చప్పుడు బయటపడింది.

జూన్ 22, ఆదివారం

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే, గోడ గడియారం తొందరపడుతున్నట్టు టిక్ టిక్ టిక్. రేస్ చేస్తే టిక్కులు దగ్గరవుతున్నాయి. ఐదు నిమిషాలకు మాయం. మధ్యాహ్నం వేడి ఇంజన్‌తో అసలు లేదు. ఇన్నాళ్లూ ఉండే ఉంటుంది, దీన్ని డీజిల్ ఇంజన్ సహజ కంఠం అనుకుని ఉంటాను.

మీటరు పొడవు రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో పెట్టుకుని, రెండో చివరను ఇంజన్ చుట్టూ తిప్పాను. స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి వినే పద్ధతి బేరింగులకు మంచిది, ఇలా గాలి పోయే చోటుకు గొట్టమే మేలు. నాలుగో సిలిండర్ దగ్గర, సిలిండర్ల పొగను పోగుచేసే మ్యానిఫోల్డ్ ఇంజన్‌కు అతుక్కునే చోట, చెంప మీద కొట్టినట్టు టక్కుమంది. టార్చి వేస్తే అక్కడ లోహం మీద విసనకర్ర ఆకారంలో మసి, ఆ పక్కన నట్టు ఉండాల్సిన చోట ఖాళీ. ఆ నట్టు ఎక్కే మర కడ్డీ, అంటే స్టడ్డు, విరిగిపోయింది. చల్లగా ఉన్నప్పుడు సందు తెరిచి ఉంటుంది, వేడికి లోహం వ్యాకోచించి దాన్నదే మూసుకుంటుంది. టర్బో చక్రాన్ని తిప్పాల్సిన పొగలో కొంత, టర్బోను చేరకముందే అక్కడ కారిపోతోంది.

జూన్ 28, శనివారం

ఇది నేను ముట్టుకోలేదు. ఇంజన్ తలలో విరిగిన స్టడ్డు తీయడం నేర్చుకోవడానికి సొంత కారు సరైన చోటు కాదు. షెడ్డులో భాయ్ విరిగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, ఎర్రటి వేడి తగ్గుతుండగా పానాతో మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపుతూ బయటికి తీశారు. కొత్త స్టడ్డు, అతుకు సందు మూసే గ్యాస్కెట్, కూలి కలిపి 2,600. మ్యానిఫోల్డ్ ఎలాగూ విప్పారు కాబట్టి టర్బోకు నూనె తెచ్చే సన్నని గొట్టాన్ని కూడా చూడమన్నాను. శుభ్రంగానే ఉంది. "కొత్త టర్బో వేసి ఈ గొట్టం చూడనివాళ్లు మళ్లీ ఆరు నెలలకు కొత్త టర్బో కోసం వస్తారు" అన్నారు. చేతులు తుడుచుకుంటూ నా అంచనా కాగితం అడిగి తీసుకుని చదివారు. అందులో పైపు లేదు, గ్యాస్కెట్ ఉంది, స్టడ్డు లేదు. ఏమీ అనకుండా మడిచి తిరిగి ఇచ్చారు.

జూలై 5, శనివారం

ఖర్చు: పైపు 2,350, మూత 40, స్టడ్డు పని 2,600, టేపు 180. మొత్తం 5,170.

పెద్ద అంబర్‌పేట దాటాక మూడో గేరు, 2,500, కాలు పూర్తిగా కిందికి. 205. పొగ లేదు. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "ఇంకా సన్నగా ఈల వస్తోంది నాన్నా" అంది. గుండె జారింది. కిటికీలు మూసి మళ్లీ నొక్కాను. నాకేమీ వినిపించలేదు. మా ఆవిడకూ లేదు. అమ్మాయి మాత్రం చేయి పైకెత్తి, ఈల మొదలైనప్పుడు వేలు పైకి, ఆగేటప్పుడు కిందికి చూపించింది. నేను కాలు తీశాక కూడా వేలు వెంటనే పడిపోలేదు. మెల్లగా, ఒకటి, రెండు లెక్క పెట్టేంతసేపు జారుతూ దిగింది.

సాయంత్రం సహోద్యోగి కారులో దాన్ని కూర్చోబెట్టి ఒక రౌండు తిప్పాను. అందులోనూ వేలు అలాగే ఎక్కింది, అలాగే దిగింది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను: టర్బో ఈల, రెండు కార్లలోనూ ఉంది. అమ్మాయికి వినిపిస్తుంది. నాకు వినిపించదు.